సంచిలో రెండు తూనికరాళ్లు

మావాడికి 12 ఏళ్లు నిండి అప్పటికి మూడు వారాలు. జూ చూడ్డానికి వెళ్లాం. టికెట్ల కిటికీ పైన బోర్డు మీద 12 ఏళ్లలోపు పిల్లలకు సగం టికెట్ అని రాసి ఉంది. వరుసలో మా ముందు ఇద్దరే ఉన్నారు. నేను వాడి వైపు వంగి మామూలు గొంతుతోనే తెలుగులో చెప్పాను: "ఎన్నేళ్లని అడిగితే పదకొండని చెప్పు నాన్నా." గుసగుసగా చెప్పాల్సిన అవసరం కూడా లేదు. మేముండేది పరాయి దేశం, ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలుగు రాదు.

కిటికీలోని అమ్మాయి ఏమీ అడగలేదు. వాడి వైపు చూసి, నవ్వి, సగం టికెట్టే ఇచ్చింది.

నెల తిరక్కముందే వాడు లెక్కల హోంవర్క్ స్నేహితుడి పుస్తకంలో చూసి రాసి, సొంతంగా చేశానని నాతో చెప్పాడు. దొరికిపోయాడు. మా అమ్మ నాకు చెప్పిన మాటే నేనూ చెప్పాను. "నేను చూడకపోతే ఎవరూ చూడరనుకున్నావా? దేవుడు చూస్తున్నాడు." వాడు తల దించుకుని కాసేపు ఊరుకున్నాడు. తర్వాత పొగరు ఏమాత్రం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు: "జూ దగ్గర కూడా చూశాడా అమ్మా? తెలుగులో చెప్తే లెక్కలోకి రాదా?"

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో నాకు నోరు పెగల్లేదు. వాడడిగిన మొదటి ప్రశ్న కంటే రెండోదే నన్ను ఎక్కువగా కోసింది. మా ఇంట్లో తెలుగు ప్రార్థన భాష. పిల్లలు పుట్టినప్పుడు వాళ్ల తల మీద చెయ్యి పెట్టి నేను ప్రార్థించింది తెలుగులోనే. అదే తెలుగును బయట దేనికి వాడుతున్నానో వాడు గమనిస్తూ వచ్చాడు. ఎదుటి మనిషి ముందే అతని గురించి వ్యాఖ్యానించడానికి, దుకాణంలో బేరం గురించి రహస్యంగా మాట్లాడుకోవడానికి, ఇప్పుడు వయసు దాచడానికి. పరాయి దేశంలో పిల్లలకు భాష నేర్పించాలని ఎన్నో తంటాలు పడ్డాం. నేర్పించిన భాషను చాటుమాటు పనులకు మరుగుగా వాడింది నేనే.

ఇంత చిన్న విషయానికి అంత బాధ దేనికి, డబ్బు కోసం చేసినదానివా నువ్వు అని మావారు ఓదార్చారు. నిజమే, డబ్బు కోసం కాదు. ఆ సగం టికెట్ మిగిలితే ఎంత, మిగలకపోతే ఎంత! ఆ మాట అంత తేలిగ్గా నా నోట్లోంచి ఎందుకు వచ్చిందో తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. చాలా ఏళ్లుగా నా లోపల ఒక ఖాతా నడుస్తోంది. వీసా కాగితాల కోసం తిరిగిన తిరుగుళ్లు, నాతో సమానంగా చేసినవాళ్ల కంటే ఆలస్యంగా వచ్చిన ప్రమోషన్, నా పేరు పలకడానికి ఒక్కసారైనా ప్రయత్నించని మనుషులు, చిన్నదాన్ని చేసి మాట్లాడిన సందర్భాలు, అన్నీ ఒక వైపు రాసిపెట్టుకున్నాను. ఈ దేశం నాకు బాకీ ఉందని ఆ ఖాతా చెబుతుంది. అందుకే ఎక్కడైనా కాస్త తప్పించుకుంటే అది తప్పులా అనిపించదు. రావాల్సింది రాబట్టుకున్నట్టే ఉంటుంది. పాపం, ఆ కిటికీలోని అమ్మాయికీ నా ఖాతాకీ ఏ సంబంధమూ లేదు.

వలస వచ్చిన కొత్తలో నాకు ప్రాణం పోసిన వాక్యాల్లో బైబిల్లోని లేవీయకాండము 19వ అధ్యాయంలోని 33, 34 వచనాలు ముఖ్యమైనవి. మీ మధ్య ఉండే పరదేశిని మీలో పుట్టినవాడిలాగే ఎంచండి, నిన్ను నువ్వు ప్రేమించుకున్నట్టే అతన్ని ప్రేమించు, ఐగుప్తులో (ఈజిప్టులో) మీరూ పరదేశులే కదా అని దేవుడు చెప్పే మాటలు. ఎవరైనా చిన్నచూపు చూసిన రోజున ఆ రెండు వచనాలూ చదువుకుని పడుకునేదాన్ని. అవి నా పక్షాన వేసిన దావాలా ఉండేవి. జూ సంగతి జరిగిన వారంలో మళ్లీ అక్కడికే వెళ్లాను. ఈసారి 34 దగ్గర ఆగకుండా కిందికి చదివాను. 35, 36 వచనాల్లో ఏముందో తెలుసా? కొలతలో, తూనికలో అన్యాయం చేయకూడదు, న్యాయమైన త్రాసులు, న్యాయమైన గుండ్లు మీకుండాలి అని ఉంది. పరదేశికి న్యాయం చేయమన్న మాట పక్కనే, ఊపిరి తిప్పుకునే వ్యవధి కూడా లేకుండా, తూనికల మాట. ఇన్నేళ్లూ నాకు అక్కరకొచ్చిన చోట చదవడం ఆపేశాను.

తూనికల సంగతే ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయంలో ఇంకా సూటిగా ఉంది. హెచ్చు తగ్గులు గల వేరు వేరు తూనిక రాళ్లు సంచిలో ఉంచుకోకూడదు అని. ఆ రోజుల్లో వర్తకుడు తన రాళ్లు తనే సంచిలో వేసుకుని తిరిగేవాడు. యూదా ప్రాంతపు తవ్వకాల్లో అలాంటి రాళ్లు చాలా దొరికాయి. క్రీస్తుపూర్వం 8, 7 శతాబ్దాల నాటివి, సున్నపురాతితో చేసినవి, అడుగు బల్లపరుపుగా, పైభాగం గుండ్రంగా ఉండి, పైన బరువు గుర్తు చెక్కి ఉంటుంది. మన తెలుగు బైబిల్లో తులమని చెప్పిన షెకెలు రాయి బరువు దాదాపు 11 గ్రాములు. అరచేతిలో ఇమిడిపోయే ఆ రాయిని ఒక్క గ్రాము అరగదీస్తే ఎవరికి తెలుస్తుంది? కొనేటప్పుడు బరువు రాయి, అమ్మేటప్పుడు తేలిక రాయి తీస్తే చాలు. గమనించండి, ఆ వచనం మోసం చేయొద్దని చెప్పి ఆగిపోలేదు. రెండో రాయి సంచిలో ఉండనే కూడదంటోంది. ఉంటే ఏదో ఒక రోజు చెయ్యి దాని మీదికే పోతుంది.

రెండు సంస్కృతుల మధ్య పిల్లల్ని పెంచే మాలాంటి వాళ్ల సంచి ఎప్పుడూ రెండు రకాల రాళ్లతో నిండి ఉంటుంది. ఇది నాకు చెప్పింది మా పెద్దమ్మాయి. దానికి 16 ఏళ్లు. ఈ వాక్యం గురించి ఇంట్లో మాట్లాడుకుంటున్న రోజున అది మెల్లగా అంది: "అమ్మా, మీరు మాతో కూడా రెండు రాళ్లు వాడతారు." ఎలాగే అన్నాను. చెప్పింది. ఏదైనా ఎందుకని అడిగితే, "మన దగ్గర పెద్దవాళ్లకు ఎదురు చెప్పరు" అంటాం. అదే దానికి మా సాయం కావాల్సొస్తే, "ఇక్కడి పిల్లల్ని చూడు, ఎవరి పని వాళ్లే చేసుకుంటారు" అంటాం. మార్కుల దగ్గర అక్కడి పోలిక, ఖర్చు దగ్గర ఇక్కడి పోలిక. తమ్ముడు స్నేహితుల ఇంట్లో రాత్రి ఉండిపోతే సరే, అది ఉంటానంటే మన పద్ధతి కాదు. ఏ రాయి తీస్తే మా వైపు మొగ్గు వస్తుందో ఆ రాయే తీస్తున్నామని అది ఎప్పుడో పసిగట్టింది, పైకి అనలేదంతే.

కోపం రాలేదని చెప్పను. వచ్చింది. కానీ అది చెప్పిన ప్రతి మాటా నిజం. దేవుని న్యాయం అనగానే మేం ఎప్పుడూ లోకం వైపు చూశాం. న్యాయాధిపతుల గురించి, రాజుల గురించి, మమ్మల్ని ఇబ్బంది పెట్టిన అధికారుల గురించి ప్రార్థించాం. మా భోజనాల బల్ల దగ్గర నేనే న్యాయాధిపతిని, నా ముందు నిలబడే ఇద్దరికీ ఇంకో కోర్టు లేదు. అబ్రాహాము దేవుణ్ణి అడిగిన ప్రశ్న ఒకటుంది, ఆదికాండము 18వ అధ్యాయంలో: "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" దేవుణ్ణి అలా నిలదీసి అడగడానికి విశ్వాసులకు తండ్రి అయినవాడికి చోటు దొరికింది. మా పిల్లలకు మా దగ్గర అంత చోటు కూడా లేదు.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. ఏదైనా కాదని చెప్పేటప్పుడు "మన దగ్గర", "ఇక్కడ" అనే రెండు మాటల్నీ కారణంగా చెప్పకూడదు. అసలు కారణం చెప్పాలి. చాలాసార్లు చెప్పబోయి ఆగిపోతే తెలిసొస్తోంది, నా దగ్గర కారణమే లేదని, ఉన్నదల్లా భయమేనని. పెద్దమ్మాయిని రాత్రి బయట ఉండనివ్వకపోవడానికి అసలు కారణం భయమే. ఆ మాటే చెప్పాను. విచిత్రం, పద్ధతి అన్నప్పుడు వాదించిన పిల్ల భయం అన్నప్పుడు పక్కన కూర్చుంది. తమ్ముడిక్కూడా అదే నియమం వర్తించింది, వాడికది ఏమాత్రం నచ్చలేదు.

జూ టికెట్ బాకీ తీర్చాలని పట్టుబట్టింది వాడే. అన్యాయంగా తీసుకున్నదానికి జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడని సండే స్కూల్లో నేర్చుకున్నాడు మరి. వెళ్లాం. కిటికీలో ఈసారి వేరే అమ్మాయి. సంగతి చెప్పి డబ్బు ఇస్తే ఆమెకు అర్థం కాలేదు, అర్థమయ్యాక ఏ పద్దులో రాయాలో తెలియలేదు. చివరికి జంతువుల సంరక్షణ కోసం పెట్టిన విరాళాల పెట్టెలో వాడే తన చేత్తో వేశాడు. ఏళ్ల తరబడి నేను చెప్పిన బైబిలు కథల్లో దేన్నీ వాడు అంత శ్రద్ధగా వినలేదు.

మా ఇల్లు శుభ్రం చేయడానికి రెండు వారాలకోసారి ఒకావిడ వస్తుంది. ఆమెదీ ఈ దేశం కాదు, మాదీ కాదు. చేతిలో నగదు లేదనో, బ్యాంకుకు వెళ్లలేదనో వచ్చేసారి కలిపి ఇస్తానని చాలాసార్లు చెప్పాను. ఆమె ప్రతిసారీ ఫరవాలేదనే అంది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం ఆమె బదులు మాట్లాడుతుంది. కూలివాడు నీ సహోదరుడైనా పరదేశి అయినా ఏనాటి కూలి ఆనాడే ఇవ్వాలి, పొద్దు గూకకముందే ఇవ్వాలి, ఎందుకంటే అతను బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. ఇవ్వకపోతే అతను దేవునికి మొరపెడతాడు, అది నీకు పాపమవుతుంది. ఫరవాలేదన్న ఆ మనిషి ఇంటికి వెళ్లే దారిలో ఏమని మొరపెట్టుకుందో నాకు తెలియదు. ఇప్పుడు ఆమె కవరు సిద్ధం చేసే బాధ్యత మావాడిది. ముందురోజు రాత్రే గుర్తుచేస్తాడు.

ఆఫీసులో జరిగింది ఇంత తేలిగ్గా తేలలేదు. నాది జీతాల లెక్కలు చూసే ఉద్యోగం. గంటల లెక్కన పనిచేసేవాళ్లు షిఫ్టుకు ముందే వచ్చి, బట్టలు మార్చుకుని, యంత్రాలు సిద్ధం చేసుకునే పావుగంటను లెక్కలోంచి తీసేయమని పైవాళ్లు చెప్పారు. మొదటి నెల తీసేశాను. కంప్యూటర్లో ఒక గడి మార్చడమే, చెయ్యి నొప్పి కూడా పుట్టదు. ఆ నెలాఖరున యాకోబు పత్రిక అయిదో అధ్యాయం చదువుతుంటే, "మీరు మోసముగా బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అనే మాట దగ్గర నా కళ్లు నిలిచిపోయాయి. కూలివాడి మొర సంగతి సరే, ఇక్కడ కూలే నోరు తెరిచి మొరపెడుతోంది. నేను బిగబట్టిన పావుగంటలన్నీ ఒకేసారి అరుస్తున్నట్టు అనిపించింది.

జాన్ ఊల్మన్ అని 18వ శతాబ్దంలో అమెరికాలో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందిన ఒక విశ్వాసి ఉండేవాడు. యువకుడిగా ఒక దుకాణంలో పనిచేస్తున్నప్పుడు, యజమాని ఒక నల్లజాతి స్త్రీని అమ్ముతూ అమ్మకం పత్రం రాయమన్నాడు. ఊల్మన్‌కు మనసొప్పలేదు. అయినా చెప్పింది యజమాని, కొనేవాడు తమ సంఘంలోని పెద్దమనిషి అని రాసిచ్చాడు. ఇది క్రైస్తవానికి తగని పని అని నోటితో మాత్రం చెప్పాడు. తర్వాత అలాంటి పత్రాలు రాయమని వచ్చినవాళ్లకు రాయనన్నాడు. బానిసలున్న ఇళ్లలో అతిథిగా ఉండాల్సి వస్తే తనకు సేవ చేసిన బానిసలకు డబ్బు ఇచ్చేవాడు. జీవితాంతం ఊరూరా తిరిగి తన సంఘస్థులతోనే ఈ విషయం నెమ్మదిగా, విడవకుండా మాట్లాడి 1772లో చనిపోయాడు. 1776లో ఫిలడెల్ఫియా క్వేకర్ల వార్షిక సభ, తమ సభ్యులెవరూ బానిసల్ని ఉంచుకోకూడదని తీర్మానించింది. అది చూడ్డానికి ఆయన లేడు. ఇందులో నన్ను నిలబెట్టింది ఆయన మొదట రాసిచ్చాడన్న సంగతే. మొదటిసారి రాసినవాడు కూడా రెండోసారి రాయనని చెప్పొచ్చు.

నేనూ రెండో నెల కాదన్నాను. ఎందుకు కాదంటున్నానో, చట్టం ఏమంటోందో కాగితం మీద పెట్టి పైవాళ్లకు పంపాను. నన్ను ఆ పని నుంచి తప్పించి వేరే విభాగంలో వేశారు. ఆ పావుగంటల సంగతి తర్వాత ఏమైందో నాకెవరూ చెప్పలేదు. ఇంట్లో ఇదంతా చెప్పినప్పుడు పెద్దమ్మాయి అడిగింది, "మరి లాభమేంటమ్మా?" అని. లాభం చూపించలేకపోయాను. ఆ మొర చేరిన చెవుల గురించి మాత్రం చెప్పాను. సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవులలో చొచ్చాయని యాకోబు రాశాడు. కేసు నా చేతిలో ముగియలేదంటే మూతపడిందని అర్థం కాదు. అది వింది. ఒప్పుకుందో లేదో తెలియదు.

మావాడికి బడిలో ఎదురైన సంగతి ఈ నమ్మకానికి ఇంకో పరీక్ష. ఆటల దగ్గర ఒక పిల్లాడు వాణ్ణి "నీ దేశానికి పో" అన్నాడు. ఒకసారి కాదు, వరుసగా చాలా రోజులు. వాడు పుట్టింది ఇక్కడే, పోవడానికి వాడికి వేరే దేశం ఎక్కడుంది? వాణ్ణి కొడతానన్నాడు మావాడు. కొట్టమని నా మనసులో ఒక మూల అంది కూడా.

ఆ రాత్రి ఆమోసు ప్రవక్త గురించి చదివాం. ఆమోసు తెకోవకు చెందిన పశువుల కాపరి, యూదావాడు. ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యానికి వెళ్లి, బీదల్ని తొక్కేస్తున్నారని, దొంగ త్రాసులతో అమ్ముతున్నారని బేతేలులో నిలబడి చెప్పాడు. అక్కడి యాజకుడు అమజ్యా అతనితో అన్నదేమిటి? యూదా దేశానికి పారిపో, అక్కడే బతుకు, అక్కడే ప్రవచించు అన్నాడు. అంటే నీ దేశానికి పో అనే. మావాడు దిండు మీంచి లేచి కూర్చున్నాడు. "బైబిల్లో కూడానా?" ఆ మాట పడ్డ మనిషి పుస్తకంలోనే, నీళ్లు పారినట్లు న్యాయం జరగనివ్వండి, గొప్ప ప్రవాహంలా నీతిని ప్రవహించనివ్వండి అనే మాట ఉంది. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ లక్షలాది మంది ముందు ఎత్తి చెప్పింది ఆ మాటనే. ఆమోసు వెళ్లిపోలేదా, తిరిగి కొట్టాడా అని అడిగాడు. కొట్టలేదు, తనను పంపిందెవరో చెప్పాడు, చెప్పాల్సింది చెప్పాడు అన్నాను.

పగ తీర్చడం నా పని, నేనే ప్రతిఫలమిస్తాను అని రోమా పత్రిక 12వ అధ్యాయంలో ప్రభువు మాటగా పౌలు రాశాడు. ఈ వాక్యం పేరుతో మన ఇళ్లలో పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, నోరు మూసుకుని భరించమని చెప్పడం నాకు బాగా తెలుసు. అది వాక్యానికి అన్యాయం చేయడమే. ఆ మాట రాసిన పౌలే ఫిలిప్పీలో విచారణ లేకుండా తనను బెత్తాలతో కొట్టించి, చెరసాలలో వేసి, మర్నాడు రహస్యంగా వెళ్లిపొమ్మంటే కదల్లేదు. మేము రోమీయులం, వాళ్లే వచ్చి మమ్మల్ని వెలుపలికి తీసుకుపోవాలి అన్నాడు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఉంది. పగ వేరు, ఫిర్యాదు వేరు. పగ దేవునికి వదిలినవాడికి ఫిర్యాదు రాసేటప్పుడు చెయ్యి వణకదు. మేం బడికి ఉత్తరం రాశాం. తేదీలు, మాటలు ఉన్నవి ఉన్నట్టు పెట్టాం, ఒక్క మాట పెంచలేదు. ఆ పిల్లాణ్ణి బడి నుంచి తీసేయాలని అడగలేదు, అది ఆగాలని అడిగాం. ఆగింది. వాళ్లు స్నేహితులు కాలేదు. రాత్రి ప్రార్థనలో ఆ పిల్లాడి పేరు చెప్పడానికి మావాడికి చాలా రోజులు పట్టింది, చెప్పాక కూడా పేరు ఒక్కటే చెప్పి ఊరుకునేవాడు.

ఇంకో తప్పు కూడా పిల్లల దగ్గరే దిద్దుకున్నాను. మమ్మల్ని డబ్బు విషయంలో మోసం చేసిన ఒకాయన ఉద్యోగం పోయిందని తెలిసి, "దేవుడు ఊరుకుంటాడా?" అన్నాను. పెద్దమ్మాయి ఆయన పిల్లల్ని ఎరుగు. "వాళ్లేం చేశారు?" అంది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి చెబుతూ, వాళ్లు యెరూషలేములో ఉన్న అందరికంటే పెద్ద అపరాధులనుకుంటున్నారా, కాదు అని ప్రభువే అన్నాడు. దేవుడు న్యాయవంతుడని నమ్మడమంటే ఆయన తీర్పుల్ని మనం ముందే చదివి వినిపించడం కాదు.

చివరికి నాకు అన్నిటికంటే కష్టమైన దగ్గరికి వస్తున్నాను. మా సహవాసానికి ఒక కుటుంబం కొత్తగా వచ్చింది. ఫోనులో ఒక స్నేహితురాలు వాళ్ల గురించి చెబుతుంటే నేను యథాలాపంగా అడిగాను, "మనవాళ్లేనా?" పక్క గదిలోంచి పెద్దమ్మాయి వచ్చి, ఫోను పెట్టేసేదాకా ఆగి అడిగింది: "మనవాళ్లంటే ఎవరమ్మా? తెలుగువాళ్లే కదా. క్రైస్తవులే కదా. ఇంకా ఎవరు కావాలి?"

ఈ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు పైకి అనదగ్గది కాదు. చదివేవాళ్లకు అదేమిటో తెలుసు కాబట్టి ఇక్కడా రాయను. ఆ రాయి నా సంచిలోకి నేను వేసుకున్నది కాదు, పుట్టినప్పుడే అందులో ఉంది. కానీ సముద్రాలు దాటి మోసుకొచ్చింది మాత్రం నేనే. మా ఒంటి రంగు చూసి తేలిగ్గా తూచేవాళ్ల మీద రోషం తెచ్చుకుంటాం, సమానంగా చూడమని ఉత్తరాలు రాస్తాం. తలుపు వేసుకున్నాక తోటి విశ్వాసిని వేరే రాయితో తూస్తాం. దేవుడు పక్షపాతి కాడని నిజంగా గ్రహించాను అని యూదుడు కాని కొర్నేలీ ఇంట్లో నిలబడి పేతురు అన్నాడు. ఆ మాట అనడానికి ముందు ఆ గడప దాటడమే ఆయనకు ఎంత కష్టమైందో అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయం అంతా చెబుతుంది. ప్రభువుతో మూడేళ్లు తిరిగిన మనిషికే అంత కష్టమైంది. ఆ కుటుంబాన్ని ఇంటికి పిలిచాం, వాళ్ల పిల్లలూ మా పిల్లలూ కలిసిపోయారు. మనవాళ్లేనా అని నేను మళ్లీ అడగలేదు. అయినా నా మీద నాకు పూర్తి నమ్మకం లేదు. పెద్దమ్మాయి పెళ్లి మాట వచ్చే రోజున నా చేతిలో ఏ రాయి ఉంటుందో ఇప్పుడే చెప్పలేను. ఆ రోజు కోసం ఇప్పటి నుంచే ప్రార్థిస్తున్నాను. దానికి కూడా చెప్పాను, ఆ రోజు నేను తప్పు రాయి తీస్తే అడ్డుపడు అని.

ఇదంతా నడుస్తుండగా ఒక ఆదివారం అమ్మకు ఫోన్ చేశాను. మాటల్లో అన్నాను, "చిన్నప్పుడు మమ్మల్ని ఎప్పుడూ దేవుడు చూస్తున్నాడని బెదిరించేదానివి. నేనూ పిల్లల్ని అలాగే బెదిరిస్తున్నా."

"బెదిరించానా?" అంది అమ్మ. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది. "నాన్న పోయాక నాకు రాత్రి డ్యూటీలు వేసేవాళ్లు. ఇద్దరు ఆడపిల్లల్ని లోపల పడుకోబెట్టి, బయట తాళం వేసి ఆసుపత్రికి పోయేదాన్ని. కాళ్లు ముందుకు పడేవి కావు. దేవుడు చూస్తున్నాడు, దేవుడు చూస్తున్నాడు అనుకుంటూ నడిచేదాన్ని. అది మీకు చెప్పిన మాట కాదే. నాకు నేను చెప్పుకున్నది."

ఆ రాత్రి పిల్లలకు హాగరు కథ చదివాను. పరాయి ఇంట్లో దాసిగా ఉన్న ఐగుప్తీయురాలు, యజమానురాలు శ్రమపెడితే కడుపుతో అరణ్యంలోకి పారిపోయింది. నీళ్ల బుగ్గ దగ్గర దేవుని దూత ఆమెను పేరు పెట్టి పిలిచాడు. చూచుచున్న దేవుడవు నీవే అని ఆమె దేవునికి పేరు పెట్టింది. బైబిల్లో దేవునికి పేరు పెట్టిన మొదటి మనిషి ఆమే. మళ్లీ ఆ ఇంటికే వెళ్లమని దూత ఎందుకు చెప్పాడని పెద్దమ్మాయి అడిగింది. నాకు తెలియదన్నాను. ఆ ప్రశ్న దాని మనసులో అలాగే ఉంది, నా మనసులోనూ ఉంది.

ఇప్పుడు పొద్దున్నే బడికి వెళ్లేటప్పుడు తలుపు దగ్గర మావాడి తల మీద చెయ్యి పెట్టి, దేవుడు చూస్తున్నాడు అనే ఆ మాటే అంటున్నాను, తెలుగులోనే. నిన్న వాడు బూట్ల తాళ్లు కట్టుకుంటూ, తల ఎత్తకుండా, "ఊఁ, నిన్ను కూడా" అన్నాడు, తెలుగులోనే. బస్సు వచ్చేసింది, పరిగెత్తాడు. అది మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను.